మహేంద్రగిరికి గడియారం పెట్టండి

గజపతి జిల్లా కలెక్టర్ గారికి, పర్లాకిమిడి అటవీ డివిజన్ అధికారి గారికి,
ప్రతి: శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి

నమస్కారం.

మహేంద్రగిరి అంత మొండి కొండేమీ కాదు. 1501 మీటర్ల ఎత్తు. తాడు అక్కర్లేదు, కొక్కేలు అక్కర్లేదు. మోకాళ్లు బాగున్న మనిషి ఎవరైనా ఎక్కి దిగగలడు. అయినా ఒక్క రోజులో చూసి వచ్చేద్దామని బయల్దేరినవాళ్లు చీకట్లో చిక్కుకోవడం, దారి తప్పడం, ఘాట్ రోడ్డులో బండి పట్టుతప్పడం జరుగుతూనే ఉంటాయి. ఆలస్యంగా ఎక్కడం, ఎక్కినచోటే కాలం గడిపేయడం, పొద్దు వాలాక దిగడం: దాదాపు ప్రతి ఇబ్బందికీ మూలం ఇక్కడే ఉంటుంది. అందుకే మేం అడిగేది ప్రధానంగా ఒక్కటే. కొండకు వేళలు పెట్టండి. ఎన్ని గంటల తర్వాత ఎక్కనివ్వరో, ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో నిర్ణయించి, దాన్ని ఒడియా, తెలుగు, సవర మూడింట్లోనూ కొండ కింద రాసి, అమలు చేయండి. మిగతా విన్నపాలన్నీ దీని వెనకే వస్తాయి.

తెలుగులో ఎందుకు రాస్తున్నామో మీకు తెలియంది కాదు. కొండ ఒడిశాలో ఉంది. ఎక్కేవాళ్లు పర్లాకిమిడి, కాశీనగరం వాళ్లతో పాటు మందస, సోంపేట, పలాస, టెక్కలి, విశాఖపట్నం వాళ్లు. ఈ మధ్య హైదరాబాదు నుంచి కూడా వస్తున్నారు. ముఖలింగం దగ్గర రాజ్యం ఏలిన తూర్పు గాంగులకు ఇలవేలుపు ఈ కొండ మీది గోకర్ణస్వామి. ఆ రాకపోకలు రాష్ట్రాల హద్దులు గీయక ముందువి. 1936లో హద్దు గీశారు, జనం కాళ్లు మాత్రం పాత దారినే వస్తున్నాయి. వచ్చినవాడికి చదవగలిగిన అక్షరాల్లో హెచ్చరిక ఉండాలి కదా.

కొండ దగ్గరికి రాకముందే జరిగే పొరపాట్లు రెండున్నాయి. ఫోన్ మ్యాపులో మహేంద్రగిరి అని కొడితే తమిళనాడులోని మహేంద్రగిరి కూడా వస్తుంది, అక్కడ ఇస్రో వాళ్ల రాకెట్ ఇంజన్ల కేంద్రం ఉంది. దాన్ని ఎలాగో దాటినవాడు రెండో గోతిలో పడతాడు. మన కొండ గజపతి జిల్లా రాయగడ బ్లాకులో ఉంది. రాయగడ అనగానే మ్యాపు రాయగడ జిల్లా కేంద్రం చూపిస్తుంది. అది పడమరన వేరే లోకం. పర్లాకిమిడి దాటి గుణుపూర్ వైపు బండి పోనిచ్చి సగం పూట పోగొట్టుకున్నాక పది గంటలకు నాలుక కరుచుకుంటే లాభం లేదు. కొండ దారిలో ఉన్న ఊరు కొయిన్‌పూర్ పేరుతో వెతకమని చెప్పాలి. పర్లాకిమిడి రైల్వే స్టేషన్లోనూ, పలాస స్టేషన్ బయటా ఒక్కొక్క బోర్డు పెట్టి, దారి పటంతో పాటు "కొయిన్‌పూర్ మీదుగా" అని పెద్ద అక్షరాల్లో రాస్తే, ఈ సగం పూట మిగులుతుంది. పర్లాకిమిడికి రైలు 1900లో వచ్చింది. బోర్డు రావడానికి ఇంకో శతాబ్దం అక్కర్లేదనుకుంటాం.

ఇక గడియారం సంగతి. మనం దేశానికి తూర్పున ఉన్నాం. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో ఇక్కడ సాయంత్రం ఐదుంబావుకు సూర్యాస్తమయం. హైదరాబాదులో అదే రోజుల్లో ఇంకో ఇరవై, ఇరవై అయిదు నిమిషాల వెలుతురు ఉంటుంది. అక్కడి అలవాటు మీద "ఆరింటిదాకా కనబడుతుందిలే" అనుకునేవాడు ఇక్కడ నిండు చీకట్లో ఉంటాడు. అదీ ఖాళీ మైదానం లెక్క. చెట్ల కింద, తూర్పు వాలు నీడలో, కాలిబాట మీద రాయీ చెట్టు వేరూ విడివిడిగా కనబడటం అరగంట ముందే ఆగిపోతుంది. కాబట్టి శీతకాలంలో నడిచేవాడి పొద్దు నాలుగున్నరకు అయిపోయినట్టే లెక్కించాలి.

నడకకు పట్టే సమయం ఊహించక్కర్లేదు, లెక్క ఉంది. నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ కొండ నడకల్లో వాడతారు: ప్రతి అయిదు కిలోమీటర్లకూ ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. పది కిలోమీటర్లు నడిచి 1200 మీటర్లు ఎక్కాలంటే రెండూ రెండూ నాలుగు గంటలు. ఇది గట్టిగా నడిచేవాడికి, ఎక్కడా కూచోకుండా. పిల్లలు, ఫొటోలు, పులిహోర, మామ్మ గారి మోకాలు, ఇవన్నీ కలిపితే ఒకటిన్నర రెట్లు, అంటే ఆరు గంటలు. దిగడానికి నాలుగు. మొత్తం పది. డిసెంబరులో తెల్లవారేది ఆరుంబావుకు, నడక పొద్దు ముగిసేది నాలుగున్నరకు. చేతిలో ఉన్నది పది గంటలే. మిగులేమీ లేదు. తొమ్మిదింటికి టిఫిను చేసి కొండ కిందికి వచ్చినవాడు ఆ రోజు శిఖరం చూసి, వెలుతురులో దిగే ప్రశ్నే లేదు. ఆ మాట వాడికి అక్కడే చెప్పాలి. కొండ మీద రెండింటికి ఎవరూ చెప్పరు, చెప్పినా "ఇంత దూరం వచ్చి" అంటాడు.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. మందస వైపు అడవి బాటల్లో కాలినడకన ఎక్కేవాళ్లను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం ఏడు తర్వాత పైకి పంపకండి. ఎవరెక్కడున్నా పన్నెండుకు వెనక్కి తిరగాలి, శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. కొయిన్‌పూర్ వైపు నుంచి బండ్ల మీద వచ్చేవాళ్లకు ఒంటిగంట తర్వాత పైకి వాహనం వద్దు. బండి ఆపిన చోటు నుంచి శిఖరం దగ్గరి భీముడి గుడి వైపు నడక రెండు తర్వాత మొదలుపెట్టనివ్వద్దు. మూడున్నరకు పై నుంచి అందరూ కదలాలి. వేసవిలో వెలుతురు ఎక్కువే గానీ వేళలు సడలించకండి. అప్పుడు మధ్యాహ్నం ఎండ, ఆ తర్వాత పిడుగు.

మహాశివరాత్రి వేరు. ఆ రాత్రి జనం పైనే జాగారం చేస్తారు. ఆ రెండు రోజులకు ఈ గడువులు నప్పవు. లైట్లు, నీళ్లు, దుప్పట్లు, వైద్య శిబిరం మామూలుగా మీరు చూసుకునేవే. ఒక్క మాట మాత్రం: జాతర రోజుల్లో దీపాలున్న దారిన రాత్రి నడిచినవాడు, తర్వాతి నెలలో అదే దారిన టార్చి లేకుండా ధైర్యంగా వస్తాడు. "శివరాత్రికి రాత్రంతా నడిచాం కదా" అన్నదే కొండ మీద అన్నింటికన్నా ప్రమాదమైన వాక్యం.

గడువు పెట్టడం తేలిక, అమలే కష్టం. రిజిస్టరు పెడతారు, పేరూ బండి నంబరూ రాయించుకుంటారు. సాయంత్రం దాన్ని ఎవరూ చూడరు. చూసినా తేలదు, ఎందుకంటే ఒక వైపు కాలినడకన ఎక్కినవాడు అలసిపోయి రెండో వైపు జీపులో దిగిపోతాడు. ఎక్కినట్టు ఉంటుంది, దిగినట్టు ఉండదు. నాలుగు రోజులు ఇలా లెక్క తప్పాక, అయిదో రోజు నిజంగా ఒకడు దిగకపోయినా "ఆ వైపు దిగిపోయుంటాడు" అంటారు.

దీనికి ఇత్తడి బిళ్లలు చాలు. మనిషికొక బిళ్ల, దాని మీద నంబరు. కొయిన్‌పూర్ వైపుకు గుండ్రటిది, మందస వైపుకు చదరంది. బిళ్లకు యాభై రూపాయలు డిపాజిట్. ఏ వైపు దిగినా అక్కడే బిళ్ల ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. చెక్‌పోస్టు గోడకు వరసగా మేకులు కొట్టి, బిళ్ల పోయిన మేకు ఖాళీగా ఉంచాలి. అయిదు గంటలకు ఖాళీ మేకులెన్నో, రెండో వైపు చేరిన బిళ్లలెన్నో వైర్‌లెస్‌లో ఒక్క నిమిషం మాట్లాడుకుంటే, కొండ మీద ఎవరున్నారో తెలిసిపోతుంది. యాభై రూపాయల కోసం ఎవరూ బిళ్ల మరిచిపోరు, అదే ఇందులో కిటుకు. గుంపుకంతా ఒకే బిళ్ల ఇవ్వొద్దు. తప్పిపోయేది గుంపు కాదు, అందులో వెనకబడ్డ ఒక్కడు.

మంచు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొండ నెత్తిన అడవి తగ్గి గడ్డి మైదానం వస్తుంది. ఎండ ఉన్నప్పుడు అందమంతా దాంట్లోనే ఉంది. తూర్పున సముద్రం కూడా కనబడుతుంది. అదే సముద్రం నుంచి వచ్చే తేమ గాలి కొండను తాకి పైకి లేచి చల్లబడుతుంది, మబ్బు పుట్టేది పైనే. కింద మందసలో ఎండ కాస్తుండగా పైన కాస్త దూరంలో ఉన్న మనిషి కనబడడు. అప్పుడు గడ్డిలో దారి కనుక్కోవడం కుదరదు, ఎందుకంటే దారులు లేక కాదు, ఎక్కువై. పశువులు నడిచిన బాటలు అన్ని దిక్కులకూ పోతాయి. అన్నీ మనుషుల బాటల్లాగే ఉంటాయి, అన్నీ కొంతదూరం పోయి వాలు అంచున మాయమవుతాయి. ఇలా తప్పినవాళ్లు చేసే పని దాదాపు ఒక్కటే, వాగు పట్టుకుని దిగడం. వాగు వెంట పోతే ఊరొస్తుందని మన పెద్దలు చెప్పింది పల్లపు నేలకు. మహేంద్రతనయ నది పుట్టే ఈ వాలుల్లో వాగు నిలువు బండల మీంచి దూకుతుంది. మనిషి దూకలేడు, పాకుడు పట్టిన రాయి మీద వెనక్కి ఎక్కనూ లేడు. అక్కడ ఫోన్ పనిచేయదు, అరిచినా నీళ్ల మోతలో వినబడదు.

ఇందుకు మేం కోరేది సిమెంటు మెట్లూ రెయిలింగూ కాదు. నంబరు వేసిన స్తంభాలు. గడ్డి నడుము దాకా పెరుగుతుంది కాబట్టి నేల మీద మీటరున్నర ఎత్తు ఉండాలి. గట్టిగా నిలవడానికి అర మీటరు లోపలికి పాతాలి. మబ్బులో ఒక దాని దగ్గర నిలబడితే తర్వాతది కనబడాలంటే మైదానంలో ప్రతి పాతిక మీటర్లకూ ఒకటి, అడవిలో దారి చీలిన ప్రతి చోటా ఒకటి. తెలుపు, ఎరుపు పట్టీలు. నంబర్లు కింది నుంచి పైకి పెరగాలి. అప్పుడు దారి తప్పినవాడికి పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నదాన్ని బట్టి ఎటు పోతున్నాడో తెలుస్తుంది. కాలు బెణికినవాడు ఫోన్లో "నలభై మూడో స్తంభం దగ్గర" అనొచ్చు. ఇప్పుడు "ఒక పెద్ద బండ ఉంది, పక్కన చెట్టు" అంటాడు, ఆ కొండంతా బండలూ చెట్లే. రాళ్ల మీద రంగుతో బాణం గుర్తులు వేయించకండి. మొదట దారి రాయి మీద వేస్తారు, తర్వాత ఎవరో గుడి రాయి మీద వేస్తారు.

బోర్డు మీద ఇంకో రెండు వాక్యాలు చేరిస్తే మేలు. దారి తప్పితే కదలకుండా ఉండండి. నిమిషంలో ఆరు ఈలలు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. ఇది ప్రపంచమంతా తెలిసిన ఆపద గుర్తు. పది రూపాయల ప్లాస్టిక్ ఈల గొంతుకన్నా దూరం పోతుంది, అలిసిపోదు. చెక్‌పోస్టు దగ్గరే అమ్మించండి.

ఫోన్ సంగతి: సిగ్నల్ లేనిచోట ఫోన్ టవరు కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది. మధ్యాహ్నానికి పది శాతం. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది, ముందే దింపుకున్న మ్యాపు కనబడుతుంది. ఈ చిన్న సంగతి చాలామంది చదువుకున్న పిల్లలకు కూడా తెలియదు.

ఆపదలో 112 కొడితే ఏ రాష్ట్రం వాళ్లు ఎత్తుతారన్నది ఇక్కడ నిజమైన ప్రశ్న. ఫోన్ ఏ టవరును పట్టుకుంటే ఆ రాష్ట్రం కంట్రోల్ రూముకు కాల్ పోతుంది. తూర్పు వాలు మీద నిలబడ్డ మనిషి ఒడిశాలో ఉంటాడు, కాల్ ఆంధ్రాలో మోగొచ్చు. అక్కడివాళ్లు "మా పరిధి కాదు" అన్నా తప్పు పట్టలేం. అందుకే ఈ ప్రతి శ్రీకాకుళం కలెక్టర్ గారికి కూడా పంపుతున్నాం. మహేంద్రగిరి పేరు వినగానే ఏ గది అయినా కాల్ తీసుకుని, స్తంభం నంబరు రాసుకుని, రెండో గదికి చెప్పేలా ఒక పేజీ ఒప్పందం చాలు. ఏ వైపు నుంచి మోసుకుని దిగడం దగ్గరో స్తంభం నంబరును బట్టి ముందే పట్టిక తయారు చేసి రెండు గోడలకూ అంటించాలి. 108 బండి రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, కొండ కింద ఏ వైపు ఆగాలో తెలియకపోవడమే సమస్య.

ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు జరిగే ప్రమాదాలకు కారణం కూడా చాలావరకు ఒక్కటే: న్యూట్రల్‌లో దొర్లించడం, లేదా మూడో గేరులో బ్రేకు తొక్కి పట్టుకుని దిగడం. పెట్రోలు ఆదా అనుకుంటారు. ఆగకుండా తొక్కిన బ్రేకు డిస్కు కాలుతుంది. ఆ వేడికి బ్రేకు నూనె మరిగి గొట్టంలో బుడగలు కడుతుంది. నూనెను నొక్కితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది, బుడగను నొక్కితే బుడగే అణుగుతుంది. పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది, బండి ఆగదు. ఎక్కిన గేరులోనే దిగాలన్నది లారీ డ్రైవర్ల పాత నియమం, అంటే ఒకటి, రెండు. స్కూటర్లకు ఆ వీలు లేదు. గేర్లు లేని బండి ఇంజన్ పట్టు అంతంత మాత్రం, భారమంతా బ్రేకులదే. ఇద్దరెక్కిన స్కూటరును పై దాకా రానివ్వొద్దని కోరుతున్నాం. కనీసం దిగే దారిలో రెండు చోట్ల విశాలమైన మలుపు చూసి "ఇక్కడ పది నిమిషాలు ఆగి బ్రేకులు చల్లార్చుకోండి" అన్న బోర్డు, నాలుగు బండ్లు పట్టే చోటు చేయించండి. కాలిన వాసన వస్తే నీళ్లు పోయకూడదని కూడా రాయాలి. ఎర్రగా కాలిన డిస్కు చన్నీళ్లకు వంకరపోతుంది. మబ్బులో హై బీమ్ వేస్తే వెలుతురు మంచుకు కొట్టుకుని కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్ వేసి, ఎడమ అంచు చూసుకుంటూ దిగాలి.

అక్టోబరులో దసరా సెలవులకు వచ్చేవాళ్లు ఎక్కువ. తుపానులకూ అదే నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి పోయింది కదా అనుకున్నాక గజపతి కొండల్లో కుండపోత కురిసి బరఘర దగ్గర కొండచరియ విరిగి జనం పోయారు. తీరంలో హెచ్చరిక ఎత్తేసినంత మాత్రాన కొండ దారి తెరవొద్దు. వాన ఆగాక కూడా నానిన మట్టి బరువు మీదే ఉంటుంది. రోడ్డు కోసం కోసిన నిలువు గట్లు ముందు జారతాయి. గట్టు మీంచి బురద నీళ్లు కారుతున్నా, చెట్లు కొత్తగా ఒరిగినా, చిన్న రాళ్లు రాలుతున్నా అక్కడి పల్లె సవరలకు ముందు తెలుస్తుంది. వాళ్లు తెరవొచ్చంటేనే తెరవండి.

ఫిబ్రవరి నుంచి మే దాకా భయం నిప్పుది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండ మీద ఎండుగడ్డి అంటుకుని కొండ నడకకు వచ్చినవాళ్లు ఇరవై మందికి పైగా కాలిపోయారు. మన కొండ నెత్తి మీద ఉన్నదీ ఎండుగడ్డే. వాలు మీద మంట పైకి పరుగెత్తుతుంది, వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది. పైకి పరుగెత్తే మనిషి వేగం అంతకంతకూ తగ్గుతుంది. మంట కనబడగానే పైకి ఎక్కడం సహజమైన తప్పు. పక్కకు జరిగి, గడ్డి లేని బండ మీదికో, ముందే కాలి చల్లారిన నల్లటి నేల మీదికో చేరాలి. మీ వైపు నుంచి కావలసినవి: ఫిబ్రవరి రాకముందే బండ్లు ఆపే చోటు చుట్టూ, గుళ్ల చుట్టూ అయిదు మీటర్ల వెడల్పున గడ్డి కోయించి నేల గీకించడం. వంట, పొయ్యి, క్యాంపు ఫైరు అన్న మాటే పైన వినబడకుండా చేయడం. బీడీ, సిగరెట్టు, అగ్గిపెట్టె చెక్‌పోస్టులో పెట్టించుకోవడం. అడవి అంటుకున్న రోజు, ఆ మర్నాడు కొండ మూసేయడం. గుడిలో దీపం పెట్టాలనే భక్తులకు గర్భగుడి లోపల పళ్లెంలో పెట్టుకోనివ్వండి, బయట గాలిలో కర్పూరం వద్దు.

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో పిడుగులు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టేలోగా ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు, అంటే తర్వాతది మన మీదే పడొచ్చు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. శిఖరం దగ్గరి చిన్న రాతి గుడిలో దూరడం రక్షణ అనుకుంటారు. ఒంటరిగా ఎత్తున నిలిచిన రాతి కట్టడం పిడుగుకు అడ్డం కాదు. ఇనుప పైకప్పున్న కారు లోపల అద్దాలు ఎత్తుకుని కూచోవడం మేలు. దామిని యాప్ పిడుగును ముందుగా చెబుతుంది, కానీ పైన సిగ్నల్ ఉండదు. చెక్‌పోస్టు మనిషి దాన్ని చూసి మధ్యాహ్నం గేటు వేసేయాలి.

సరంజామా మాట క్లుప్తంగా. శీతకాలంలో మనిషికి మూడు లీటర్ల నీళ్లు, మార్చి దాటితే అయిదు. బ్లూటూత్ స్పీకరు పెట్టె భుజాన మోసేవాడికి రెండు లీటర్ల సీసా ఎలా బరువవుతుందో మాకు అర్థం కాదు. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడు. తీరానికీ శిఖరానికీ తొమ్మిది, పది డిగ్రీల తేడా. చెమటకు తడిసిన నూలు చొక్కాతో గాలిలో నిలబడితే వణుకు పుడుతుంది కాబట్టి ప్లాస్టిక్ కవరులో ఒక పొడి చొక్కా. దిగేటప్పుడు జారేది చెప్పులే, మడమ పట్టీ లేని చెప్పును పైకి రానివ్వద్దు. ఆక్సిజన్ డబ్బాలు అమ్ముకునేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఎత్తు జబ్బు సాధారణంగా రెండున్నర వేల మీటర్లు దాటాక వచ్చేది. ఇక్కడ ఆయాసం వస్తే అది గుండెదో, బద్ధకానిదో. గుండెదైతే డబ్బాతో పోదు. ఎలుగుబంట్లు తెల్లవారుజామునా, మునిమాపునా తిరుగుతాయి. ఉద్దానం వాళ్లకు ఇది కొత్త కాదు, హైదరాబాదు వాళ్లకు చెప్పాలి. ఇది మలేరియా నేల. పది పన్నెండు రోజుల తర్వాత జ్వరం వస్తే తాము గజపతి కొండలకు వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే నగరం డాక్టరు డెంగీ పరీక్ష రాసి పంపుతాడు.

చెత్త విషయంలో నీతులు బోర్డు మీద రాయకండి, డబ్బు పెట్టండి. నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసా మీద పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే వెనక్కిస్తున్నారు. ఇక్కడ పైకి పోయే ప్రతి ప్లాస్టిక్ సీసాకూ ఇరవై రూపాయలు తీసుకుని స్టిక్కరు అంటించండి. సీసా వదిలేసిన వాడిది ఇరవై పోతుంది, ఏరుకొచ్చిన పల్లె పిల్లవాడికి ఇరవై వస్తుంది. ఎటు చూసినా కొండకు లాభం. ఈ కొండను 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. మూలికల పేరు చెప్పి మొక్కలు వేళ్లతో పెరక్కుపోయే సంచులను కూడా అదే గేటు దగ్గర విప్పించాలి. గుళ్లలో చోళుల శాసనాలున్నాయి, రాజేంద్ర చోళుడి కాలంనాటివి. వాటి పక్కన మేకుతో తమ పేరు చెక్కుకునే ఉత్సాహవంతులకు ఏ భాషలో చెబితే తెలుస్తుందో మాకు తెలియదు. ఒక కాపలా మనిషి ఉంటే మేలు.

ఆ మనిషీ, చెక్‌పోస్టు మనుషులూ, దారి చూపేవాళ్లూ కొండ మీది సవర పల్లెల వాళ్లే కావాలి. ఎనిమిది మందికి ఒకరు చొప్పున, రోజు కూలి రేటు బోర్డు మీద రాసి, వన సంరక్షణ సమితి చేతికి డబ్బు అందేలా. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు రాశారు. పంతులుగారి ఊళ్లో సవరలో ఒక బోర్డు రాయించడం కష్టం కాకూడదు. రోప్‌వే, రిసార్టు, అద్దాల వంతెన మాకు వద్దు. వాటితో వచ్చే జనానికి వేళలు పెట్టడం అసలు కుదరదు.

చెక్‌పోస్టు దగ్గర పెట్టవలసిన తెలుగు బోర్డుకు వాక్యాలు మేమే రాసి పంపుతున్నాం. మార్చుకోండి, పొడిగించకండి:

"ఈ రోజు సూర్యాస్తమయం ......... గంటలకు.
కాలినడకన: ఉదయం 7 తర్వాత ఎక్కవద్దు. పగలు 12కు ఎక్కడున్నా వెనక్కి తిరగండి.
వాహనాలు: పగలు 1 తర్వాత పైకి పోవు. 3.30కు అందరూ పై నుంచి కదలాలి.
బిళ్ల పోగొట్టుకోవద్దు. నిప్పు తేవద్దు.
దారి తప్పితే కదలవద్దు, వాగులో దిగవద్దు, ఈల ఊదండి. స్తంభం నంబరు చెప్పండి: 112."

సూర్యాస్తమయం దగ్గర ఖాళీ వదిలాం. దాన్ని ప్రతి ఉదయం సుద్దముక్కతో నింపే పని ఎవరిదో ఉత్తర్వులో పేరు పెట్టి రాయండి. పేరు లేకపోతే ఆ ఖాళీ మొదటి వారం తర్వాత నిండదు.

ఇట్లు,
కొండ దారులు తెలిసిన పర్లాకిమిడి తెలుగువాళ్లం